వంద ట్యాంకులకు ఒకటే చూపు: జనరల్స్ ఆట అసలు దేనిమీద నడుస్తుంది?

తిరుపతిలో జనరల్స్ అనే కంప్యూటర్ యుద్ధపు ఆట కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "డబ్బులూ నా దగ్గరే ఎక్కువ, ట్యాంకులూ నావే ఎక్కువ. ఎట్ల ఓడిపోయినానో తెలీలేదన్నా." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆట ముగిశాక తెరమీద పడే లెక్కల పట్టికలో కూడా చాలాసార్లు అదే కనిపిస్తుంది. ఎక్కువ కట్టినవాడు, ఎక్కువ ఖర్చుపెట్టినవాడు కింద ఉంటాడు. తక్కువతో నెట్టుకొచ్చినవాడు గెలిచి ఉంటాడు.

ఇదెట్లా సాధ్యమో విప్పి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈ ఆటలో అన్నిటికన్నా కరువైనది ఆడేవాడి ధ్యాస. డబ్బు, కరెంటు, సైన్యం అన్నీ దాని తర్వాతే. ఆటలో ఉన్న ప్రతి ఆయుధాన్నీ "ఇది నా ధ్యాసను ఎంత తింటుంది, ఎదుటివాడి ధ్యాసను ఎంత తింటుంది" అని అడిగితే చాలా చిక్కుముళ్లు వాటంతట అవే వదులుతాయి.

ముందు ఆట సంగతి. కమాండ్ అండ్ కాంకర్: జనరల్స్ 2003 ఫిబ్రవరిలో వచ్చింది, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) సంస్థకు చెందిన ఈఏ పసిఫిక్ స్టూడియో తయారీ. దీన్ని రియల్ టైమ్ స్ట్రాటజీ అంటారు. ఇక్కడ వంతులు ఉండవు. నువ్వు ఆలోచిస్తున్నంతసేపూ అవతలివాడు కడుతూనే ఉంటాడు, కదులుతూనే ఉంటాడు. వస్తువులు పోగుచెయ్యడం, బేస్ కట్టడం, సైన్యం తయారుచెయ్యడం, ఎదుటివాడి బేస్ కూల్చడం అనే చట్రాన్ని 1992లో వెస్ట్‌వుడ్ స్టూడియోస్ వాళ్ల డ్యూన్ 2 ఖాయం చేసింది. 1995లో అదే స్టూడియో కమాండ్ అండ్ కాంకర్ తెచ్చింది. జనరల్స్ ఆ వంశంలోదే అయినా గ్రహాంతర లోహాలు, ఊహాలోకాలు వదిలేసి రేపోమాపో జరగగల యుద్ధాన్ని ఎంచుకుంది. అమెరికా, చైనా, జీఎల్ఏ అనే సాయుధ ముఠా, ఈ మూడు పక్షాలు.

ఆ ఎంపికకు మూల్యం కూడా పడింది. అమెరికా వైపు కథ బాగ్దాద్‌లో మొదలవుతుంది. ఆట అంగళ్లలోకి వచ్చిన నెలకే, 2003 మార్చిలో, నిజం ఇరాక్ యుద్ధం మొదలైంది. చైనా వైపు కథ బీజింగ్‌లో అణుబాంబు పేలడంతో మొదలవుతుంది. ఆ దేశంలో ఆటను నిషేధించారు. జర్మనీలో మనుషుల స్థానంలో రోబోలను పెట్టి వేరే కూర్పు విడుదల చేయాల్సి వచ్చింది. జీఎల్ఏను చిత్రించిన తీరులో అరబ్బుల మీద, మధ్య ఆసియా వాళ్ల మీద మోటు ముద్రలున్నాయి. ఆట నాకెంత ఇష్టమైనా ఆ భాగం నాకిప్పటికీ నచ్చదు.

కానీ ఆ మూడు పక్షాల అమరిక మాత్రం అద్భుతం. ఒకే పనిని మూడు రకాలుగా చెయ్యనివ్వడం అనేది ఇందులో పైపై రంగు మార్పు కాదు. అమెరికా దగ్గర విమానాలు, క్షిపణులు, దూరం నుంచి చూసే కన్ను ఉంటాయి. ప్రతిదీ ఖరీదే, ప్రతిదాన్నీ జాగ్రత్తగా వాడాలి. చైనా గుంపుగా నడిస్తే బలం పెరుగుతుంది: ఒకేరకం ట్యాంకులు లేదా సైనికులు దగ్గరదగ్గరగా ఉంటే వాళ్ల కాల్పుల వేగం పెరిగేలా ఆటలోనే ఏర్పాటుంది. జీఎల్ఏకు కరెంటే అక్కర్లేదు. మిగతా ఇద్దరికీ కరెంటు ప్లాంటు కూలితే రాడార్ ఆరిపోతుంది, కాపలా క్షిపణులు, తుపాకులు నిలిచిపోతాయి. జీఎల్ఏకు ఆ భయం లేదు. పైగా సొరంగాలు. ఒక సొరంగంలో దూరిన సైన్యం మ్యాప్‌లో ఇంకెక్కడో ఉన్న సొరంగంలోంచి బయటికొస్తుంది. జీఎల్ఏ భవనాన్ని కూల్చినా ఒక కన్నం మిగులుతుంది. దాన్ని కూడా మూసేయకపోతే భవనం మళ్లీ లేస్తుంది.

ఈ మూడింటినీ ధ్యాస తూకంలో వేసి చూడండి. చైనా ఆడేవాడు తన ధ్యాసను ఆదా చేసుకుంటాడు: గుంపును ఎంచుకుని ఒక్క ఆజ్ఞ ఇస్తే పని నడుస్తుంది. జీఎల్ఏ ఆడేవాడు ఎదుటివాడి ధ్యాసను దోచుకుంటాడు: నాలుగు చోట్ల చిన్నచిన్న మంటలు పెడతాడు. అమెరికా ఆడేవాడు డబ్బుపెట్టి చూపు కొనుక్కుంటాడు. మహాస్త్రాలూ అంతే. అమెరికా పార్టికల్ కెనాన్‌కు 4 నిమిషాలు, జీఎల్ఏ స్కడ్ స్టార్మ్‌కు 5, చైనా అణుక్షిపణికి 6 నిమిషాలు, సిద్ధం కావడానికి పట్టే గడువు. ఆ గడియారం ఆడే అందరి తెరల మీదా కనిపిస్తూ తిరుగుతుంది. పేలడం తర్వాత సంగతి. పేలకముందే ఆ అంకెలు ఎదుటివాణ్ని కుదురుగా ఉండనివ్వవు. కన్ను అటే లాగుతుంది.

ఇక సంఖ్యాబలం సంగతి. "ట్యాంకులు నావే ఎక్కువ" అన్న కుర్రాడి ప్రశ్నకు లెక్కల్లో జవాబుంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1916లో ఒక సూత్రం రాశాడు. దూరం నుంచి కాల్చుకునే సైన్యాల మధ్య పోరులో బలం సంఖ్యతో కాక సంఖ్య వర్గంతో పెరుగుతుందని దాని సారం. ఒకేరకం ట్యాంకులు ఒకవైపు 10, ఇంకోవైపు 6 ఎదురుపడితే మిగిలేది 10 నుంచి 6 తీసేసిన 4 అనుకుంటాం. అలా కాదు. 100 నుంచి 36 తీసేస్తే 64. దాని వర్గమూలం 8. అంటే 6 ట్యాంకులను తుడిచిపెట్టడానికి ఖర్చయ్యేది రెండే. ఎక్కువమంది ఒకేసారి కాలిస్తే ఎదుటివాళ్లు త్వరగా తగ్గుతారు, తిరిగి కాల్చేవాళ్లు తగ్గేకొద్దీ మనకు దెబ్బలు తగ్గుతాయి, అది చక్రవడ్డీలా పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు అదే 10 ట్యాంకులను అయిదేసి చొప్పున రెండు విడతలుగా పంపండి. మొదటి అయిదూ ఆరింటికి ఎదురై పోతాయి. అవతల మూడుకు కాస్త పైన మిగులుతాయి. తర్వాతి అయిదూ వాటిని ముగించేసరికి మీకు మిగిలేది నాలుగు కూడా ఉండవు. అవే ట్యాంకులు, అదే ఖర్చు, అదే శత్రువు. కలిసి వెళ్తే ఎనిమిది ఇంటికొస్తాయి, విడివిడిగా వెళ్తే మూడో నాలుగో. ఆటలో ఉన్న కవచాల తేడాలు, మరమ్మతులు ఈ లెక్కను అటూఇటూ చేస్తాయి కానీ దారి మాత్రం ఇదే.

మరి ఎవడైనా సైన్యాన్ని విడగొట్టి ఎందుకు పంపుతాడు? పంపడు. అదే విడిపోతుంది. ట్యాంకులకు దారి వెతికిపెట్టేది కంప్యూటర్ ప్రోగ్రామ్. ఇలాంటి వెతుకులాటకు పునాది 1968లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హార్ట్, నిల్సన్, రాఫెల్ అనే ముగ్గురు ప్రచురించిన ఏ-స్టార్ పద్ధతి: ఇప్పటిదాకా నడిచిన దూరం, ఇంకా మిగిలిందని అంచనా వేసిన దూరం రెండూ కూడి, తక్కువ వచ్చిన వైపు ముందుగా వెతకడం. ఒక్క బండికి అది చక్కటి దారి చూపిస్తుంది. ఇరవై బండ్లకూ అదే దారి చూపిస్తే ఇరవై బండ్లూ ఒకే వంతెన మీదికి వరసకడతాయి. వేగంగా నడిచేవి ముందు, బరువైనవి వెనక. వంతెన దాటేసరికి మీ సైన్యం ఒక గుంపుగా ఉండదు, తాడులా సాగిపోయి ఉంటుంది. అవతల కాచుకున్నవాడికి మీరు ఒక్కొక్కరుగా దొరుకుతారు. లాంచెస్టర్ సూత్రం అప్పుడు మీమీదే తిరగబడుతుంది.

ఇది ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూపిస్తాను. బైరాగిపట్టెడలో నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు అద్దెకుంటున్న గది. గోడవారగా నాలుగు ల్యాప్‌టాప్‌లు, మధ్యలో పాత నెట్‌వర్క్ స్విచ్, నేలమీద కేబుళ్లు, కిటికీలో ఆరేసిన లుంగీలు. ఇద్దరు ఆడుతున్నారు, మేం ముగ్గురం వెనక నిలబడి చూస్తున్నాం. పీలేరు అబ్బాయిది చైనా. చిత్తూరు అబ్బాయిది జీఎల్ఏ. పీలేరు అబ్బాయి ఓపిగ్గా డబ్బు కూడబెట్టి ఓవర్‌లార్డ్ ట్యాంకులు దించాడు. ఆట డబ్బుల్లో ఒక్కోటి 2,000. జంట ఫిరంగులతో, చిన్న ట్యాంకులను తొక్కుకుంటూ పోగల దున్నపోతు బండి. అవతల చిత్తూరు అబ్బాయి దగ్గర రాకెట్ సైనికులు, ఒక్కొక్కడు 300. వాళ్లను వంతెనకు అవతలి ఒడ్డున రెండు ఖాళీ ఇళ్లలో కూర్చోబెట్టాడు.

ఓవర్‌లార్డులు వంతెన ఎక్కాయి. మొదటిది దిగేలోపే ఇళ్ల కిటికీల్లోంచి రాకెట్లు. పీలేరు అబ్బాయి తెరమీదికి వంగిపోయాడు. దెబ్బతిన్నదాన్ని వెనక్కి లాగుతున్నాడు, వెనకది దానికి అడ్డమొస్తోంది, ఒక ఇల్లు కూలింది, గదంతా కేకలు. చిత్తూరు అబ్బాయి చెయ్యి మాత్రం వేరేచోట ఉంది. వాడు వంతెన వంక చూడనే లేదు. అంతకు ముందెప్పుడో మ్యాప్ అంచు వెంబడి పంపిన ఒక్క పనివాడు చైనా బేస్ వెనక సొరంగం కట్టడం పూర్తిచేశాడు. అందులోంచి దిగిన గుంపు సరుకులు మోసే లారీలను ఒక్కొక్కటే కాల్చేసింది. "బేస్ మీద దాడి" అని కంప్యూటర్ గొంతు అరుస్తూనే ఉంది. పీలేరు అబ్బాయికి వినిపించలేదు. వంతెన దగ్గర గెలిచాడు కూడా. మూడు ఓవర్‌లార్డులు మిగిలాయి. నాలుగోది కొనడానికి డబ్బు లేదు, తెచ్చే లారీల్లేవు.

"ఆ ఇండ్లు పోతే పోయినాయి లేరా. నీ కండ్లు అక్కడే ఉండాలనే పెట్టినా వాళ్లను" అన్నాడు చిత్తూరు అబ్బాయి. పీలేరు అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లారీలు ఎప్పుడు పోయాయో చూడాలి, రీప్లే పెట్టమన్నాడు.

ఆ రీప్లే దగ్గర ఆట లోపలి నిర్మాణం బయటపడుతుంది. అరగంట యుద్ధం, వందల బండ్లు, వేల గుళ్లు. అయినా రీప్లే ఫైలు సెల్‌ఫోన్ ఫోటో కన్నా చిన్నది. ఎందుకంటే అందులో యుద్ధం లేదు. ఆడినవాళ్లు ఇచ్చిన ఆజ్ఞలు మాత్రమే వరసగా ఉంటాయి: ఫలానా క్షణంలో ఫలానా బండ్లను ఫలానా చోటికి పొమ్మన్నాడు. మిగతాదంతా కంప్యూటర్ మళ్లీ ఆడించి చూపిస్తుంది. రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య కేబుల్లో ప్రవహించేదీ అంతే. తిరుపతిలో ఒకడు, చిత్తూరులో ఒకడు ఫోనులో పులి-మేక ఆడుతున్నారనుకోండి. ఎవరి పటం వాళ్లదే. "మేకను ఈ మూల పెట్టినా", "పులి దూకింది" అని చెప్పుకుంటే చాలు. పటం ఫోటోలు పంపుకోనక్కర్లేదు. కానీ ఒకరి పటంలో పొరపాటున ఒక మేక పక్క గడికి జరిగిందా, అక్కణ్నుంచి ఇద్దరూ వేర్వేరు ఆటలు ఆడుతుంటారు. జనరల్స్ ఆడేవాళ్లను విసిగించే "మిస్‌మ్యాచ్" సందేశం అదే. రెండు కంప్యూటర్లలో లెక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆట కొనసాగదు. అందుకే గుడ్డి అదృష్టం మీద నడిచేవి కూడా, ఉదాహరణకు గుండు కాస్త పక్కకు పడటం, రెండుచోట్లా ఒకే సంఖ్యల వరస నుంచి తీసుకుంటారు.

ఈ పద్ధతిని లాక్‌స్టెప్ అంటారు. 1997 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఎనిమిది మందిని 28.8 కిలోబిట్ మోడెమ్ మీద ఆడించగలిగింది దీనివల్లే. వెయ్యికి పైగా యూనిట్లు ఎక్కడున్నాయో క్షణక్షణం పంపడం ఆ తీగల వల్ల అయ్యే పనికాదు. మనిషి ఇచ్చే ఆజ్ఞలు మాత్రం నిమిషానికి కొన్ని పదులే. అంటే నెట్‌వర్క్‌లో పోయే బరువు సైన్యం పరిమాణాన్ని బట్టి ఉండదు, ఆడేవాళ్ల ధ్యాసను బట్టి ఉంటుంది. ఆ ప్రోగ్రామర్లు గుర్తించిన నిజం ఇదేనని నాకనిపిస్తుంది. దీనికో చీకటి కోణం కూడా ఉంది. లాక్‌స్టెప్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ యుద్ధం మొత్తం ఉంటుంది. శత్రువు ఎక్కడున్నాడో మీ యంత్రానికి తెలుసు, మీకు చూపించదంతే. మ్యాప్ మొత్తం తెరిచి చూపే దొంగ ప్రోగ్రామ్‌లు పుట్టింది అక్కడే.

ఆ చూపించకపోవడమే ఈ ఆటల ప్రాణం. మ్యాప్‌లో వెళ్లని చోటు నల్లగా ఉంటుంది. వెళ్లి వచ్చేసిన చోటు మసకగా మారుతుంది. అక్కడ ఆఖరిసారి చూసిన భవనాలు కనిపిస్తాయి కానీ ఇప్పుడేం కదులుతోందో కనిపించదు. కొత్తవాళ్లు దెబ్బతినేది నల్లటి చోటువల్ల కన్నా మసక చోటువల్లే ఎక్కువ. తెలియదని తెలిస్తే జాగ్రత్తపడతాం. పాతబడిన సమాచారాన్ని తాజా అనుకుంటేనే ప్రమాదం.

మన చిత్తూరు నేలమీద దీనికంటే పెద్ద ఉదాహరణ జరిగింది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో మైసూరు పాలకుడు హైదర్ అలీ చనిపోయాడు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం నడుస్తోంది. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరాన ఉన్నాడు. సంగతి పొక్కితే సైన్యం చీలిపోతుంది, శత్రువు మీదపడతాడు. పూర్ణయ్య తదితర మంత్రులు మరణాన్ని దాచారు. దేహాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పంపుతున్నట్టుగా కోలారు వైపు పంపించారు. టిప్పు వచ్చేదాకా దండు చెక్కుచెదరలేదు. మద్రాసు ఇంగ్లీషువాళ్లు ఆ అదను వాడుకోలేకపోయారు. సైన్యాధిపతే లేని సైన్యం, ఉన్నాడన్న పాత సమాచారం మీద నిలబడింది. ఇనుప గొట్టాల రాకెట్లకు పేరుపడ్డ ఆ సైన్యాన్ని ఆ కొన్ని వారాలు కాపాడింది రాకెట్లు కాదు.

రెండొందల నలభయ్యేళ్ల తర్వాత అదే ప్రాంతం చూపును తయారుచేసే చోటైంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కణ్నుంచి 2009 ఏప్రిల్ 20న రీశాట్-2, 2022 ఫిబ్రవరి 14న ఈఓఎస్-04 వెళ్లాయి. రెండూ రాడార్‌తో బొమ్మ తీసే ఉపగ్రహాలు. మబ్బు పట్టినా, రాత్రయినా నేలను చూడగలవు. జనరల్స్‌లో అమెరికా కమాండ్ సెంటర్‌కు ఇలాంటిదే గూఢచారి ఉపగ్రహం మీట ఉంది: నొక్కితే మ్యాప్‌లో మీరు ఎంచుకున్న చోట ఒక వలయం కొన్ని క్షణాలు తేటపడి మళ్లీ మసకబారుతుంది. ఆట ఇక్కడ నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. కింది కక్ష్యలో తిరిగే ఉపగ్రహం ఒకచోటే కాపలా ఉండలేదు, దాటిపోతూ చూసిందే చూపు. ఎక్కడ చూడాలో ముందు మనిషే తేల్చుకోవాలి.

ధ్యాసే అసలు సరుకు అన్న వాదనకు గట్టి ఋజువు వేరే ఆటలో దొరికింది. డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ, ఇదే కోవ ఆట స్టార్‌క్రాఫ్ట్ 2 ఆడే ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రామ్ తయారుచేసింది. 2018 డిసెంబరులో టీఎల్ఓ, మానా అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద చెరి అయిదు ఆటలు, మొత్తం పదికి పదీ గెలిచింది. అయితే ఆ ప్రోగ్రామ్‌కు తన సైన్యం చూపు పడినంత మేరా మ్యాప్ అంతా ఒకేసారి కనిపించేది. మనిషిలా తెరను ఇటూ అటూ జరుపుకోవాల్సిన పని లేదు. 2019 జనవరిలో ప్రత్యక్ష ప్రసారంలో, తెరను జరుపుకుంటూ చూడాల్సిన కూర్పుతో ఆడించారు. ఆ ఆట మానా గెలిచాడు. కొత్త కూర్పుకు సాధన తక్కువన్నది నిజమే, ఒక్క ఆటతో తీర్పు చెప్పేయలేం. అదే ఏడాది తర్వాత, తెర నియమంతోనే ఆ ప్రోగ్రామ్ ఆ ఆటలో అన్నిటికన్నా పై మెట్టయిన గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. కానీ చూపుకు హద్దు పెట్టడమే న్యాయమైన పోటీకి షరతు అని దాని తయారీదార్లే ఒప్పుకున్నట్టైంది. నాకు అది చాలు.

ఈ హద్దునే ఆటగా మలిచిన ప్రయత్నం ఎండ్‌వార్. 2008లో యూబీసాఫ్ట్ షాంఘై చేసింది, కథ 2020లో జరిగే మూడో ప్రపంచ యుద్ధం. ఇందులో పైనుంచి చూసే కన్ను ఉండదు. మీ బలగాల్లో ఏదో ఒక దళం వెనకాల నిలబడి, అది చూసిందే చూడాలి. ఆజ్ఞలు నోటితో ఇవ్వచ్చు. దళాలు పన్నెండుకు మించవు. ట్యాంకులు రవాణా బండ్లను, రవాణా బండ్లు హెలికాప్టర్లను, హెలికాప్టర్లు ట్యాంకులను కొడతాయి. అంతే సూత్రం. లోతు తక్కువని చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం అది తెగువగల ప్రయోగంగానే అనిపిస్తుంది: సేనాని చెయ్యగలిగిందంతా వినడం, ఎంచుకోవడం, చెప్పడం అని తేల్చింది.

మరి జనరల్స్ ఊహించిన "రేపు" ఎంతవరకు వచ్చింది? ఆయుధాల జాబితా తీస్తే తప్పులే ఎక్కువ. ఆటలో డ్రోన్ అంటే అమెరికా బండి నెత్తిమీద ఎగిరే అనుబంధం: కొని తగిలిస్తే చాలు, దానంతటది వెంట వస్తుంది, దాగినవాళ్లను చూపిస్తుంది లేదా బండికి మరమ్మతు చేస్తుంది. 2020లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ కొట్టుకున్న కరబాఖ్‌లో, 2022 నుంచి ఉక్రెయిన్‌లో డ్రోన్ యుద్ధం మధ్యకు వచ్చి కూర్చుంది. ట్యాంకు విలువలో అణాపైసలంత ఖర్చయ్యే డ్రోన్ ట్యాంకును ఆపేస్తోంది. 300 సైనికుడు 2,000 బండిని పడగొట్టడం అన్న లెక్క మాత్రం ఆటలో ముందే ఉంది.

కానీ ధ్యాస వైపు నుంచి చూస్తే ఆట చూపించిన ఇరుకే ఇవాళ యుద్ధభూమిలోనూ ఇరుకు. ఉక్రెయిన్‌లో వాడే ఎఫ్‌పీవీ డ్రోన్‌కు, అంటే డ్రోన్ కెమెరా చూసేదే చూస్తూ నడిపేదానికి, కళ్లజోడు పెట్టుకున్న ఒక మనిషి పూర్తిగా కావాలి. డ్రోన్లు వేలల్లో తయారుచెయ్యచ్చు. ఒక్కో క్షణంలో గాల్లో ఎన్ని ఉంటాయన్నది ఎంతమంది నడపగలరన్న దానిమీద ఆధారపడుతుంది. రేడియో సంకేతాన్ని చెడగొడితే ఆ మనిషికీ డ్రోన్‌కూ మధ్య తెగిపోతుంది కాబట్టి సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగను వెనకాల వదులుతూ పోయే డ్రోన్లు వచ్చాయి. గురిని చివర్లో డ్రోన్‌కే వదిలేసే ప్రయత్నాలు సాగుతున్నది కూడా ఇందుకే. జనరల్స్‌లో ఒక్కడు వంద బండ్లను నడపగలడంటే, ఆజ్ఞ తర్వాత దారి వెతకడం, గురిపెట్టడం, కాల్చడం బండే చూసుకుంటుంది గనక. ఆటలో అది హాయి. నిజంలో కాల్చే నిర్ణయాన్ని యంత్రానికి అప్పజెప్పడం అంటే ఎవరిని చంపాలో యంత్రం ఎంచడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే మాటలు ఎవరి నోట విన్నా నాకు భయమేస్తుంది, ఆ ఆట అంటే నాకెంత ప్రేమ ఉన్నా సరే.

పైన చెప్పిన దారి వెతుకులాట, లాక్‌స్టెప్, మసక మ్యాప్ ఎలా పనిచేస్తాయో ఇప్పుడు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఈఏ సంస్థ జనరల్స్, దాని అనుబంధం జీరో అవర్ రెండింటి సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదివి మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసింది. సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. బొమ్మలు, శబ్దాలు అందులో లేవు, వాటికి ఆట కొనాల్సిందే. బైరాగిపట్టెడ గదిలో పీలేరు అబ్బాయి అది దించుకున్నాడు. వంతెన దగ్గర బండ్లు ఎందుకు వరసకడతాయో ముందు చూడాలంటున్నాడు.